కైలాసం ఫిట్ అయిన రోజు

కైలాసం ఒంట్లో ఏ జబ్బూ లేదని కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు తేల్చిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇంకెక్కడైనా ఇలాంటి కబురు వస్తే దేవుడికి కొబ్బరికాయ కొడతారు. శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీలో లెక్క వేరు. బాయిలో పనిచేసే మనిషికి సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే, ఇతని ఆరోగ్యం ఇక పనికి ఆగదని బోర్డు రాస్తే ఆ కొలువు కొడుక్కు వస్తుంది. అన్‌ఫిట్ కావడం అంటారు దాన్ని. ఫలానా ఆయన అన్‌ఫిట్ అయ్యాడంటే ఆ ఇంట మిఠాయి పంచుతారు. ఫిట్ అయ్యాడంటే ఆడవాళ్లు కొంగు సవరించుకుంటూ పరామర్శకు వస్తారు. ఆ వేళ కైలాసం భార్య శంకరవ్వ దగ్గరికి అలాగే వచ్చారు.

“గింత మంచిగున్నడా మీ ఆయన? పాపం!” అన్నది పక్క క్వార్టర్ ఆమె, నిజంగానే బాధపడుతూ.

“ఏం జేస్తమక్కా, మా రాత” అన్నది శంకరవ్వ.

గుండ్రాయిలా ఉన్న మొగుణ్ని పక్కన పెట్టుకుని ఇంకే ఊళ్లోనైనా ఆడమనిషి ఈ మాట అంటే జనం నవ్విపోతారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. కైలాసానికి నవ్వు వచ్చింది గాని, లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న కొడుకు వీపు చూసి మింగేశాడు.

కొడుకు అరుణ్‌కుమార్ కరీంనగర్‌లో ఉండి ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాదులో కొన్నాళ్లు తిరిగి, ఏదీ నిలవక వెనక్కి వచ్చి, ఇప్పుడు మంచిర్యాలలో ఒక దుకాణంలో జనం ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నాడు. పెళ్లయింది. ఇంకొంచెం ఆలస్యమైతే తండ్రి కొలువు అందుకునే వయసు కూడా దాటిపోతుంది.

వాణ్ని బాయి దిగనివ్వకూడదనే కైలాసం అంత చదివించాడు. ముసలితనానికని జీతంలోంచి పక్కన పడుతూ వచ్చిన పీఎఫ్ సొమ్మును ఫీజులకనీ హాస్టలుకనీ తీసి తీసి అడుగు కనబడేదాకా తెచ్చాడు. ‘కొడుకే నా పింఛను’ అని నలుగురిలో మీసం దువ్వుకునేవాడు. ఆ పింఛనే ఇప్పుడు మంచమెక్కి, నీ కొలువు నాకియ్యి అంటున్నది.

ఇద్దామంటే కైలాసానికి చేతులు రావడం లేదు. మిగిలిన మూడేళ్లూ చేసుకుంటే మళ్లీ నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. ఆఖరి రోజున మెడలో దండ వేయించుకుని, ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేని మనిషిగా ఇంటికి రావచ్చు. చెయ్యి చాపితే ఎలా ఉంటుందో అతను కొమురెల్లిలో చూశాడు.

కొమురెల్లి అతని జోడీదారు. ఇద్దరూ ఒకే ఏడు బాయిలో చేరారు. కొమురెల్లి అన్‌ఫిట్ అయి, కొలువు కొడుకు హరీష్‌కు ఇచ్చి, రోజూ చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుంటాడు. పదిమందిని పేరుపెట్టి కేకేసి పని చేయించిన మనిషి, చాయ్ తాగాక జేబు తడుముకుని దిక్కులు చూస్తాడు. హరీష్ మంచి పిల్లవాడే, అడిగితే లేదనడు. ఆ అడగడమే కొమురెల్లికి చావుగా ఉంటుంది. అయినా బోర్డుకు పోయే ముందు కైలాసానికి పాఠం చెప్పింది అతనే.

“మోకాళ్లని చెప్పు. కూసుంటె లేవరాదను, లేస్తె నడువరాదను. జర మూలుగు. నువ్వు సక్కగ నిలవడితె ఎవడు నమ్ముతడు?”

నాటకాలంటే కైలాసానికి ఒళ్లు మంట. బోర్డు ముందు మోకాళ్ల సంగతి నసిగాడు గాని, లేచి నడవమంటే కుర్రవాడిలా నడిచాడు. డాక్టరు పెద్దాయన, ఓపికస్తుడు. అన్ని పరీక్షలూ చేయించి, కాగితాలు చూసి, చివరికి కళ్లజోడు తీసి సూటిగా అడిగాడు.

“కళ్లు తిరగడం, చక్కరొచ్చి పడిపోవడం... అలాంటిదేమైనా ఉందా? దాచకుండా చెప్పు.”

“ఏం లేదు సార్. మంచిగున్న” అన్నాడు కైలాసం.

మాట నోరు దాటిపోయింది. కానీ అతనికి అదొక్కటే నిజంగా ఉంది.

కొన్నేళ్లుగా ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లకు చీకటి కమ్ముతుంది, చేతులు తనవి కాకుండా పోతాయి, కాసేపటికి మళ్లీ అంతా మామూలే. శంకరవ్వకు కూడా చెప్పలేదు. అతను హాలర్ డ్రైవర్. ఏటవాలు దారిలో పట్టాల మీద సామాను నింపిన టబ్బులను, అంటే చిన్న ఇనుప బండ్లను, ఇనుపతాడుతో దింపుతూ, లాగుతూ ఉండే యంత్రం మీద అతని కుర్చీ. చక్కరొచ్చే మనిషిని ఆ కుర్చీలో ఒక్క పూట కూడా ఉంచరు. పైకి తెచ్చి ఆఫీసు ముందు పూలమొక్కలకు నీళ్లు పట్టమంటారు. అందుకే బాయిలో అప్పుడప్పుడూ జరిగే పరీక్షల్లో ఎవరు ఏమడిగినా ఏం లేదు సార్, మంచిగున్న అనేవాడు. చెప్పక తప్పని రోజున కూడా అదే మాట నోటికి వచ్చింది.

అలవాటు కొద్దీ వచ్చిందా, కావాలనే అన్నాడా? బస్సులో ఇంటికి వచ్చినంతసేపూ తనను తాను ప్రశ్నించుకున్నాడు. అలవాటేనని సర్దిచెప్పుకున్నాడు. కానీ ఫిట్ అని వినగానే కడుపులో చల్లగా అయిన మాట అబద్ధం కాదు. కొడుకు ఆశ కూలిపోయిన చోట తండ్రి లోలోపల సంబరపడ్డాడు. ఆ సిగ్గుతోనే అతను రెండు రోజులు కొడుకు ముఖం చూడలేకపోయాడు. కొడుకు ఎలాగూ అతని వైపు చూడటం లేదు. కోడలు నవీన అన్నం పెట్టి, మామా అని కూడా పిలవకుండా గిన్నె చప్పుడు చేసి పోతున్నది.

మూడో రోజు మొదటి షిఫ్టు. కైలాసం కుర్చీలో కూర్చుని చెయ్యి బ్రేకు మీద వేయగానే ప్రాణం కుదుటపడింది. ఇనుపతాడు కదులుతుంటే పిడిలో సన్నగా వణుకు పుడుతుంది. ఆ వణుకును బట్టి టబ్బులు ఎక్కడున్నాయో అతనికి తెలిసిపోతుంది. ఇంట్లో ఏదీ ఇంత తేటగా తెలియదు.

ఆ రోజు దిగువన టబ్బుల వెంట నడుస్తున్నది కొమురెల్లి కొడుకు హరీష్. దించమని గంట కొట్టాడు. కైలాసం బ్రేకు వదిలాడు. టబ్బులు దిగుతున్నాయి. అంతలో కళ్లకు ఆ చీకటి వచ్చింది.

ఆపమని గంట మోగింది. వినబడింది, ఎవరింట్లోనో మోగినట్టు. మళ్లీ మోగింది. ఆపాలని తెలుసు, చెయ్యి లేవలేదు. దిగువనుంచి ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వచ్చాక కళ్లలో వెలుతురు తిరిగి వచ్చింది, బ్రేకు బిగిసింది.

పరుగెత్తుకుంటూ దిగాడు. టబ్బులు పట్టాలు తప్పి అడ్డంగా పడి ఉన్నాయి. మనిషి తప్పుకోవడానికి గోడలో తొలిచిన గూట్లోకి దూకి, వీపు గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు హరీష్. టోపీ లైటు వెలుగులో వాడి పళ్లు కనబడుతున్నాయి. నవ్వుతున్నాడు గాని గోడను వదలడం లేదు.

“ఏంది కాకా, గంట ఇనవడలేదా?”

“బ్రేకు జారింది బిడ్డా” అన్నాడు కైలాసం.

అది కూడా నమ్మాడు వాడు. బ్రేకు జారిందంట అని, పని చూసే సర్దార్‌కు తనే చెప్పాడు. కైలాసం అక్కడే పట్టా పక్కన కూలబడ్డాడు. బెంచీ మీద కూర్చుని జేబు తడుముకునే కొమురెల్లి గుర్తొచ్చాడు. ఆ బెంచీ మీద కూర్చోవడం ఇష్టం లేక, ఆ బెంచీ మీద ఉన్నవాడి కొడుకును చంపబోయాడు.

షిఫ్టు దిగి ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పలేదు. అరుణ్‌కుమార్ దుకాణానికి పోవడం మానేశాడు, గడపలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. శంకరవ్వ బియ్యం ఏరుతున్నది. కైలాసం వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాడు.

“నాకు చక్కర్లొస్తున్నయి. మస్తు రోజుల సంది. దవాఖానల చెప్పలే. ఇయ్యాల బాయిల టబ్బులు వదిలేసిన. కొమురెల్లి కొడుకు ఇంతల తప్పిండు.”

శంకరవ్వ చేతిలోని చాట ఆగిపోయింది. అరుణ్‌కుమార్ చటుక్కున లేచి నిలబడ్డాడు.

“నిజంగనా బాపూ? నిజంగనే చక్కర్లొస్తున్నయా?”

వాడి ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో చూశాడు కైలాసం ఆ ముఖంలో ఆ వెలుగు. ఇంటరు ఫలితాలు వచ్చిన రోజు కూడా ఇలాగే పరుగెత్తుకు వచ్చాడు.

“గిది ముందుగాల్నే చెప్తె అయిపోవుగదనే! ఏం ఫికర్ లేదు, మల్ల అర్జీ పెడుదం. గిదైతె పక్కా అయితది!”

“ఏమిరా” అన్నది శంకరవ్వ. గొంతు పెద్దది చేయలేదు. “బాపుకు పానం బాగలేదంటున్నడురా.”

వాడికి అప్పుడు అర్థమైంది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల వంచుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. నవీన తలుపు చాటునుంచి వచ్చి, ఈసారి మామా అని పిలిచి మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చింది.

కైలాసానికి కోపం రావాలి. రాలేదు. ఫిట్ అని విన్న రోజు తనకు కలిగిన సంబరమే కొడుక్కూ కలిగింది. దాచుకోవడం వాడికి ఇంకా చేతకాదు, అంతే తేడా.

“అర్జీ పెట్టు బిడ్డా. గీసారి ఉన్నదున్నట్టు చెప్త” అన్నాడు గడపలో కూర్చుంటూ.

బూట్లు విప్పబోతే అరుణ్‌కుమార్ కింద కూర్చుని తనే విప్పాడు. తాళ్ల ముడుల్లో ఇరుక్కున్న బొగ్గు పొడి వాడి వేళ్లకు అంటింది. ఫోన్లకు గ్లాసులు అతికించే సన్నని వేళ్లు. వాడు వాటిని తుడుచుకోకుండా కాసేపు చూసుకున్నాడు.

“బాపూ, లోపట మస్తు చీకటుంటదా?”

వాడు పుట్టకముందు నుంచీ కైలాసం ఆ చీకట్లోకి దిగుతూనే ఉన్నాడు. వాడు ఒక్కనాడూ ఈ మాట అడగలేదు. ఇప్పుడైనా అడిగింది తండ్రి కోసం కాదు. ఆ చీకటికి వాణ్ని దూరం పెట్టాలనే తన ముల్లె అంతా ఊడ్చిపెట్టాడు. ఇప్పుడు తన జబ్బుతో వాణ్ని అందులోకి దించుతున్నాడు.

వద్దురా, పోకు అందామని నోటిదాకా వచ్చింది. వాడి ముఖంలోకి చూశాడు. అది వినడానికి వాడు సిద్ధంగా లేడు.

“అలవాటైతది బిడ్డా” అన్నాడు.