దొంగ నాలుక

చేతులు మూడోసారి సబ్బుతో రుద్దుకుని, గోళ్ళ సందులు వాసన చూసుకుని, డ్రైవరు కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబు తడిమాడు. దొంగ నాలుక లేదు.

సీటు బెల్టు చివర ఉండే ఇనపబిళ్ళ అది. పాత బెల్టు నుంచి కోసి తీసినది. ఆ ఒక్క ముక్కనే తెచ్చి గాడిలో గుచ్చితే, బెల్టు పెట్టుకున్నాడనుకుని వ్యాను నోరు మూసుకుంటుంది. లేకపోతే కీచుకీచుమంటూ చెవులు కొరుకుతుంది. నరం లేని నాలుక ఎన్ని అబద్ధాలైనా ఆడుతుందని డ్రైవర్లే దానికా పేరు పెట్టుకున్నారు.

"అక్కా, నా జేబులో ఇనపముక్క చూశావా?"

"నీ కంపు చొక్కా నేనెందుకు ముట్టుకుంటాన్రా?" అంది అక్క, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ.

అబద్ధం ఆమెకు చేతకాదు. కూరలకని వెళ్ళిన ఆమె మొగుడు తిరిగి రాలేదు. ఆసుపత్రికని వెళ్ళిన మరదలు, అతని పెళ్ళాం, కూడా రాలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో "పోతున్నా" అనే మాట నిషేధం. "వెళ్ళొస్తా" అనిపించుకుంటేగాని గడప దాటనివ్వదు.

"బెల్టు పెట్టుకోరా. నీకు పుణ్యముంటుంది."

"రోజుకి అరవైసార్లు ఎక్కి దిగాలే! సర్లే, వెళ్ళొస్తా."

ఆరు ఆసుపత్రుల మురికి దుప్పట్లు చాకిరేవు కంపెనీకి చేర్చడం అతని పని. ప్రతి ఆసుపత్రిలోనూ పదేసి వార్డుల వెనక వాకిళ్ళలో ఆగాలి, ప్రతిచోటా మూటలుంటాయి. నెత్తురు, చీము, వాంతి, ఇంకా పేరు పెట్టలేనివి. ఆ రోజూ ఒక మూట అడుగు కారి మోకాలికి అంటుకుంది. ఏడాదిలో అలవాటైపోతుందన్నారు. పన్నెండేళ్ళైనా కాలేదు. అందుకే తోటివాళ్ళకు అతను సబ్బు బాబాయ్.

అన్నిటికన్నా రోత, సీటు కింది సీసా. ఒంటేలుకని ఆగితే వ్యానులోని తెరమీద ఆలస్యం ఎర్రంకెల్లో పడుతుంది. యాభై దాటిన మగవాడు, పట్టపగలు, నడిబజార్లో, సీసాలో! మూత బిగిస్తున్నప్పుడు అద్దంలోకి చూడడు.

ఆ పూట బెల్టు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. మూడో ఆసుపత్రి దాటేసరికి ఎర్రంకె ఇరవై రెండు నిమిషాలు చూపించింది.

మధ్యాహ్నం కంపెనీలో మూటలు దించడానికి వెళ్తే, సూపర్వైజరు అన్నం కలుపుతూ తలెత్తాడు. "ఏం సబ్బు బాబాయ్, పెళ్ళినడకలా?"

"బెల్టు సార్. విప్పి పెట్టేసరికి..."

"నీ నాలుకేదీ?"

"పోయింది."

సూపర్వైజరు ఎడంచేత్తో సొరుగు లాగాడు. లోపల అలాంటి బిళ్ళలు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి, ఊడగొట్టిన పళ్ళలా. కూర అంటిన వేళ్ళతో ఒకటి ఏరి విసిరాడు. వెనక గోడమీద బోర్డు: 'మీ ప్రాణమే మాకు ముఖ్యం'.

"మళ్ళీ పారేసుకోకు. మూడింటికల్లా ఆఖరి మూట ఇక్కడుండాలి."

కుళాయి దగ్గర దాన్ని సబ్బుతో రుద్ది రుద్ది కడిగాడు. గుచ్చగానే వ్యాను మూగదైంది. ఆ నిశ్శబ్దం హాయిగా ఉన్నందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

ఆఖరి ఆసుపత్రి నుంచి వస్తుండగా ఫోను మోగింది. "ఎక్కడ?"

"వచ్చేస్తున్నా సార్."

మలుపులో చెడిపోయిన లారీ ఒకటి ఆగి ఉంది. జనం పరుగెత్తుకొచ్చేసరికి మూటలు విడిపోయి, దుప్పట్లు దారంతా పరుచుకున్నాయి. తీసి కప్పడానికి వాటిలో శుభ్రమైనది ఒక్కటీ లేదు.

నాలుగోరోజు సూపర్వైజరు ఒక సంచీతో ఇంటికి వచ్చాడు. గడియారం, పగిలిన ఫోను, అరిగిన సబ్బుముక్క, ఇనపబిళ్ళ ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పినా బెల్టు పెట్టుకోలేదమ్మా. ఇదిగో, ఇంటి దగ్గర్నుంచి ఈ ముక్క తెచ్చుకుని గుచ్చేవాడు."

అక్క లోపలికి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చింది. గుండీల అడుగునుంచి చిన్న గుడ్డమూట తీసి విప్పి, అచ్చం అలాంటి బిళ్ళనే దాని పక్కన పెట్టింది.

"మావాడిది ఇదీ. ఆ పొద్దున నేనే దాచాను. మరి అదెవరిది నాయనా?"

సూపర్వైజరు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "వెళ్ళొస్తానమ్మా."

"పో" అంది అక్క.

బల్లమీద రెండు నాలుకలు మిగిలాయి. ఒకదాని కన్నంలో సబ్బు తెల్లగా ఎండిపోయి ఉంది.