సర్వర్ రూమ్ ముందు చెప్పుల లైను

మా యూనివర్సిటీలో ఒక ఏజెన్సీ తరఫున మెయిల్ సర్వర్ చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగిని నేను. పేరు జ్యోతిర్మయి. ఏడేళ్లుగా నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు కొట్టడమే నా పని. మెయిల్ వెళ్లకపోతే అందరూ నన్ను తిడతారు. వెళితే నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆ రెండోదే నాకు హాయి.

ఫిబ్రవరిలో కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి రిజిస్ట్రార్ సర్వర్ రూమ్ చూస్తానన్నారు. గొప్పకు పోయి ‘మెయిల్‌క్యూ’ అని కొట్టి చూపించాను. అవతలి సర్వర్లు పలకక ఆగిపోయిన రెండొందల మెయిళ్లు ఒకదాని కింద ఒకటి కనిపించాయి. నా పని నేను చేసుకుని ఊరుకుంటే ఏం పోయేది?

"ఇవన్నీ బయటికి పోయేవేనా?" అన్నారాయన.

"అవును సార్."

"మరి వీటికి ఔట్‌వర్డ్ నంబర్లేవి?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. మర్నాడు ఆర్డరొచ్చింది. ఔట్‌వర్డ్ రిజిస్టర్లో నంబరు పడకుండా ఇకమీద ఒక్క మెయిల్ కూడా గేటు దాటకూడదు. కాగితానికో న్యాయం, కరెంటుకో న్యాయమా అని కింద పచ్చ ఇంకుతో చేత్తో రాశారు.

ఆ ఆర్డరు వెనకాలే భీమయ్య సార్ వచ్చారు. ఔట్‌వర్డ్ సెక్షన్ సూపరింటెండెంటు. మార్చి ముప్పై ఒకటిన రిటైర్‌మెంట్. చంకలో దిండంత రిజిస్టరు, జేబులో రెండు పెన్నులు. రోజూ లాలాపేట్ నుంచి మొదటి బస్సుకే వచ్చి, నాకంటే గంట ముందే కుర్చీలో ఉంటారు. ముప్పై నాలుగేళ్లు అందరి ఉత్తరాలకూ నంబర్లు వేశారు. మెయిల్ అనేది మాత్రం ఎన్నడూ పంపలేదు.

నేర్చుకోవడంలో మాత్రం నా కంటే చురుకు. పోస్ట్‌సూపర్ అనే కమాండు పక్కన చిన్న హెచ్ కొడితే మెయిల్ ఆగిపోతుందని, పెద్ద హెచ్ కొడితే కదులుతుందని చెప్పాను.

"అంతే కద బిడ్డా. చిన్న సార్లు ఆపుతరు, పెద్ద సార్లు పంపుతరు. గీ మిషన్‌కు మన ఆఫీసు మంచిగనే తెలుసు," అన్నారు.

వచ్చిన మెయిల్ వచ్చినట్టు హోల్డ్‌లో పడేలా సెట్టింగ్ మార్చాను. భీమయ్య సార్ ఒక్కొక్కటీ తెరిపించి, ఎవరికి, ఏ విషయం, ఏ తేదీ అని రిజిస్టర్లో రాసి నంబరు వేస్తారు. అప్పుడు నేను పెద్ద హెచ్ కొడతాను. రోజుకు మూడు వేల మెయిళ్లు వస్తే మేం వంద పంపుతాం. లెక్క మీరే చూసుకోండి.

నాలుగో రోజు పరుశురాం సార్ ఊగిపోతూ వచ్చారు. వృక్షశాస్త్రం ప్రొఫెసర్, కోపం ముక్కు మీదే. మా గదిలోకి దుమ్ము రాకుండా చెప్పులు బయటే విడవాలి. గుమ్మం దగ్గర భీమయ్య సార్ జత, దాని వెనక నా జత ఉన్నాయి. ఆయన వాటిని చూసి ఇక్కడ లైను నడుస్తోందనుకుని, తన జత మా వెనక పెట్టి, మెయిల్ గుర్తు రాసిన చీటీ అందులో దోపి, క్లాసుకు వెళ్లిపోయారు. ఆధార్ సెంటర్ దగ్గర చేసినట్టే.

సాయంత్రానికి ముప్పై జతలు. వారానికి లైను మెట్లు దిగి క్యాంటీన్ చుట్టూ తిరిగింది. డీన్‌లు సాక్సులతో పాఠాలు చెప్పారు. తార్నాక ఫుట్‌పాత్ మీద చెప్పులమ్మే గట్టయ్య ‘లైన్ చెప్పులు’ అని రంగు కలవని పాత జతలు అమ్మడం మొదలుపెట్టాడు. భీమయ్య సార్ పొద్దున తలుపు తీసి మూడో జత నుంచి పిలిచేవారు. మొదటి రెండు జతలు ఎవరో చాలా పెద్దవాళ్లవని అందరూ అనుకున్నారేమో, ఒక్కరూ అడగలేదు. లైన్లో చెప్పులు పెట్టనిది రిజిస్ట్రార్ ఒక్కరే. పరువు తక్కువట. దాంతో ఆయన ఉత్తరాలన్నీ లోపలే మూలిగాయి.

ఈలోగా నేను నా మెయిళ్లు దొంగతనంగా పంపుకుంటున్నానని పరుశురాం సార్ అందరి ముందూ అన్నారు. ఒళ్లు మండింది. ‘సర్వర్ రూమ్ సిబ్బంది మెయిళ్లయినా సరే, లైన్లోనే’ అని రాసి, సంతకం పెట్టి తలుపుకు అంటించాను. నా గొయ్యి అక్కడే తవ్వుకున్నాను.

మార్చి ముప్పై ఒకటిన పొద్దున ఎస్టాబ్లిష్‌మెంట్ క్లర్కు రత్నాకర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మీ కాంట్రాక్టు గురించి రిజిస్ట్రార్ సార్ ఏజెన్సీకి లెటర్ పెట్టి పది రోజులయింది. ఇయ్యాల ఐదింటి లోపల చేరాలంట. మీ దగ్గరనే ఆగింది చూస్కోండి."

ప్రతి ఏడూ ఇలాంటి ఉత్తరంతోనే నా ఉద్యోగం ఇంకో ఏడాది సాగుతుందని నా నమ్మకం. అడిక్‌మెట్‌లో అద్దె గది, అమ్మ మందులు, అన్నీ దాని మీదే నడుస్తాయి. వెతికితే దొరికింది. లక్షా పదివేల మెయిళ్ల మధ్య, నా కళ్ల ముందే, హోల్డ్‌లో. ఒక్క పెద్ద హెచ్ కొడితే చాలు. కానీ తలుపుకు నా సంతకం ఉంది. బయట పరుశురాం సార్ కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నారు.

నాలుగింటికి నా మొహం చూసి భీమయ్య సార్ సంగతంతా అడిగారు. చెప్పాను. లేచి గుమ్మంలోకి వెళ్లారు.

"పరుశురాం సారూ, మీ చెప్పుల ముంగట గీ రెండు జతలు ఎవరివి?"

"ఎవరివో! నేనొచ్చినప్పటి సంది గాడనే ఉన్నయి."

"అంటే మీకంటె ముందే లైన్ల ఉన్నట్టా?"

"ఉన్నట్టే కద!"

"మొదటిది నాది. రెండోది జ్యోతమ్మది. నేను పంపేది ఏం లేదు. ఆమెదే పిలుస్తున్న."

పరుశురాం సార్ తన మాటకే తాను దొరికిపోయి, కుర్చీ జానెడు వెనక్కి జరుపుకున్నారు. నాకు భీమయ్య సార్ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

సార్ పెన్ను తీశారు. నేను ఉత్తరం తెరిచాను. విషయం రాసుకోవాలి కాబట్టి ఆయన పైకి చదివారు.

"ఔట్‌వర్డ్ సూపరింటెండెంటు మెయిళ్లను సమర్థవంతముగా పంపుచున్నందున, మెయిల్ సర్వర్ నిర్వాహకురాలి సేవలు ఇక అవసరము లేదు. ఈ లేఖ మార్చి 31 సాయంత్రం ఐదు గంటలలోగా చేరనిచో ఒప్పందము దానంతటదే మరొక సంవత్సరము కొనసాగును. కావున అత్యవసరముగా భావించగలరు."

పొద్దున్నుంచి నేను కాళ్లూ చేతులూ ఆడక కొట్టుకున్నది దీనికోసమన్నమాట. ఏడుపొచ్చింది. చిన్న డి కొడితే మెయిల్ మాయమైపోతుంది. నా వేలు దాని మీదికే పోయింది.

"వద్దు బిడ్డా. ఉత్తరం చింపెయ్యొద్దు," అన్నారు భీమయ్య సార్. గడియారం చూశారు. నాలుగూ ఇరవై. రిజిస్టరు మీద పెట్టబోయిన పెన్ను మూత పెట్టి, మళ్లీ గుమ్మంలోకి వెళ్లారు.

"పరుశురాం సారూ, ఇప్పుడు యాదికొచ్చింది. నాది గూడ ఒకటి పంపేది ఉన్నది. మరి ముందు ఎవరిది పోవాలె?"

పరుశురాం సార్‌కు ఇంతకంటే సంతోషం లేదు. నా మీద కోపం అలాంటిది. "లైన్ లైనే! మొదటి జత మీదైతే మీదే ముందు. ఆమెది తర్వాతనే!"

భీమయ్య సార్ నా కుర్చీలో కూర్చున్నారు. నా సొంత మెయిల్ అడ్రస్ అడిగి, అక్షరం తర్వాత అక్షరం కొట్టారు. తర్వాత తెలుగులో మొదలుపెట్టారు, ఒక్క వేలితో. గుణింతం దొరక్క వెతుక్కుంటారు. కొట్టింది నచ్చక చెరిపేస్తారు. కళ్లజోడు తుడుచుకుంటారు. ‘ఇట్లు’ అనే మాటకే పది నిమిషాలు పట్టింది. బయట పరుశురాం సార్ ఎవరినీ కదలనివ్వకుండా లైను కాపలా కాశారు.

ఐదూ మూడుకు ఉత్తరం పూర్తయింది. సార్ రిజిస్టర్లో 4117 వేశారు. నేను పెద్ద హెచ్ కొట్టాను. తర్వాత రిజిస్ట్రార్ గారి ఉత్తరానికి 4118 వేశారు. నా ఉద్యోగం తీసేసే ఉత్తరానికి నా చేత్తోనే పెద్ద హెచ్ కొట్టాను. ఐదూ ఆరుకు అది ఏజెన్సీకి సలక్షణంగా చేరింది. లైన్లో తప్పు లేదు, నంబర్లో తప్పు లేదు.

భీమయ్య సార్ రిజిస్టరు నా ముందుకు జరిపి, రెండు పెన్నుల్లో ఒకటి దాని మీద పెట్టారు. గుమ్మంలో మొదటి జత తొడుక్కుని, లాలాపేట్ బస్సుకు వెళ్లిపోయారు. రిటైర్‌మెంట్ రోజున ఎవరూ ఒక దండ కూడా వేయలేదు ఆయనకు. నాకూ గుర్తు రాలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తార్నాక బస్టాపులో నిలబడి ఫోన్ తెరిచాను.

‘విషయం: ఏమియు లేదు. ఆర్యా, పై విషయమునకు సంబంధించి తమకు తెలియజేయునది ఏమనగా, తెలియజేయవలసినది ఏమియు లేదు. ముప్పై నాలుగేండ్ల సర్వీసులో నా సొంతానికి పంపిన ఉత్తరము ఇదొక్కటే. సమయానికి చేరినదని తలుస్తాను. ఇట్లు, భీమయ్య.’