కూల్చిన గ్రంథాలయం లెక్క

"పాత గ్రంథాలయం ఊసెత్తకు. ఖాళీ స్థలంలో కట్టామని రాసెయ్," అన్నాడు భర్త, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటూ.

అతను ఆర్కిటెక్టు. అతని ఆఫీసులోనే ఆమెకు పని. ఒక భవనం పుట్టిన దగ్గర్నుంచి నేలకూలేదాకా గాలికీ నీటికీ ఎంత చేటు చేస్తుందో లెక్కగడుతుంది: సిమెంటు కాల్చిన బట్టీ, ఇనుము మోసిన లారీ, యాభై ఏళ్ళ కరెంటు, ఆఖరికి మిగిలే శిథిలాల గుట్ట. అతని కొత్త అద్దాల భవనం పర్యావరణ అవార్డు పోటీలో ఉంది. సాయంత్రానికి నివేదిక వెళ్ళాలి. ఆ భవనం కోసం కూల్చిన గ్రంథాలయాన్ని కూడా కలిపితే చేటు రెట్టింపవుతుంది, అవార్డు గల్లంతవుతుంది.

కూల్చకముందు ఆ గోడలన్నీ తట్టి చూసింది ఆమే. మూరెడు మందం ఇటుక గోడలు, ఒక్క బీట లేదు. ఇంకో అరవై ఏళ్ళు ఢోకా లేదని చెప్పింది. "పాత గుడ్డలే పారెయ్యలేవు, బిల్డింగులేం కూల్చనిస్తావ్!" అని అతను నవ్వితే ఆఫీసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, తన మీదే.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు కాలేజీలో ఈ లెక్కలే పాఠం చెప్పింది. అతని ఆఫీసు నిలదొక్కుకోవాలని ఆ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు వచ్చినవాళ్ళతో, "మా ఆవిడకి ఓనమాలు నేనే దిద్దించా," అంటాడు. "మొగుడి ఆఫీసేగా, అదీ ఒక ఉద్యోగమేనా?" అంటుంది అత్తగారు. ఆమె ఆరేళ్ళను కూల్చడానికి బుల్డోజరు కూడా అక్కర్లేకపోయింది.

ఆఫీసుకెళ్ళి 'ఖాళీ స్థలం' అని టైపు చేసి కాసేపు చూసింది. చెరిపేసింది. గ్రంథాలయం ఇటుకలు, దూలాలు, శిథిలాలు మోసిన లారీల ట్రిప్పులు ఒక్కొక్కటే ఎక్కించింది. కింద తన సంతకం పెట్టింది.

సాయంత్రం నివేదికను అతని గదికి తీసుకెళ్ళింది. అతను ఫోనులో మాట్లాడుతూనే పెన్ను తీశాడు. ఆమె తెచ్చిన ఏ కాగితమూ చదవడు. దానికి నమ్మకమని పేరు పెట్టుకున్నాడు.

"ఇది మాత్రం చదవండి," అంది.

అతను ఫోను చేత్తో మూసి, "పదేళ్ళుగా చదవంది! ఇవాళ కొత్తగా ఏం రాసుంటావులే," అంటూ సంతకం గీకేశాడు. "పంపెయ్."

ఆమె తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. రెండోసారి చదవమనలేదు. వెళ్ళి పంపేసింది.