లాగిన దూరం

గిత్త మూతి నుంచి కారే నురగలో ఎర్రటి జీర కనపడుతూనే ఉంది. అయినా మైకు పట్టుకున్న మనిషి "సెభాష్, సెభాష్" అని అరుస్తూనే ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. సత్తెనపల్లికి పది మైళ్ళ అవతల, మిరప కల్లాల పక్కన చదును చేసిన నేలలో తిరనాళ్ళ బండలాగుడు పోటీలు జరుగుతున్నాయి. పద్దెనిమిది క్వింటాళ్ళ బండ, దానికో గొలుసు, గొలుసుకు కాడి, కాడి కింద ఒంగోలు జత. ముందు ఇద్దరు ముక్కుతాళ్ళు పట్టుకుని లాగుతుంటే వెనక ఇద్దరు చెర్నాకోలలతో బాదుతున్నారు. ఇరవై నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతదే బహుమతి. జతది అంటే జత యజమానిది. ఎన్ని అడుగులు లాగిందో రాసుకోవడానికి టెంటులో ముగ్గురున్నారు. ఎన్ని దెబ్బలు తిన్నదో రాసుకునేవాడు ఒక్కడూ లేడు.

ఆ టెంటులోనే ముందు వరసలో, మెడలో బంతిపూల దండతో ఏసోబు కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు. ఎడమ తొడకు మోకాలి దాకా కట్టు. కుడి చెంప గీరుకుపోయి పక్కు కట్టింది. ఆరు రోజుల కిందట, ఈ దేశంలో ఏ మగవాడూ పరిగెత్తనంత వేగంగా వంద మీటర్లు పరిగెత్తినవాడు ఇతనే.

అతని వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అటొక గిత్త, ఇటొక గిత్త, మధ్యలో ఏసోబు. మూడు బొమ్మలూ ఒకటే సైజు. కింద ఎర్ర అక్షరాలతో "చెంచయ్య గారి ఆణిముత్యాలు" అని రాయించారు. అందులో తప్పేముందో ఊళ్ళో ఎవరికీ తోచలేదు. తల్లి పుల్లమ్మ కూడా పొద్దున కాయ కోతకు పోతూ దాని ముందు ఆగి, కొడుకు బొమ్మను చేత్తో తడిమి మరీ వెళ్ళింది. ఆ పూట ఆగిపోతే మూడు వందల యాభై కూలి పోతుంది కాబట్టి సన్మానం చూసే భాగ్యం ఆమెకు లేదు.

చెంచయ్య అరవై ఎకరాల ఆసామి. ఆయన దగ్గర ఏసోబు తండ్రి దానియేలు ఇరవై ఏళ్ళుగా పాలేరు. ఆ ఇంటి ఎడ్లు రోజూ ఉలవలు తింటాయి, బాదం పప్పు తింటాయి, డజను కోడిగుడ్లు తాగుతాయి. ఆ గుడ్లు పగలగొట్టి ఎడ్ల నోట్లో పోసే పని దానియేలుదే. అతని ఇంట్లో గుడ్డు ఉడికేది క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ.

ఏడేళ్ళ కిందటి తిరనాళ్ళలో జతను దానియేలే తోలాడు. ఈ ఎడ్లకు చిన్నప్పటి నుంచీ ఒకటే అలవాటు చేస్తారు. చెర్నాకోల ఠప్పుమన్నదంటే ముందుకు దూకడమే. అది ఎవరి వీపు మీద పడిందో అవి చూడవు. లైను చివర మలుపులో చెంచయ్య చేతిలో చెర్నాకోల మోగింది, జత దూకింది, బండ పక్కకు ఊగింది. తోలేవాడు అరక్షణంలో ఎగిరి తప్పుకోవాలి. దానియేలు తప్పుకోలేకపోయాడు. అతని కుడి పాదం మీదుగా బండ వెళ్ళిపోయింది. టైం నడుస్తోంది కదా, జతను ఎవరూ ఆపలేదు. ఆ రోజు ఆ జతకే ఫస్టు, ఎనభై వేలు. గుంటూరు పెద్దాసుపత్రిలో పాదం తీసేసిన దానియేలుకు చెంచయ్య పదివేలిచ్చి, ఎడ్లపాకలో పేడ ఎత్తే పనికి మార్చాడు. చెంచయ్య గారిది ఎంత పెద్ద మనసో అని ఊరు చెప్పుకుంది. మరుసటి ఏడు చెర్నాకోల ఏసోబు చేతికి వచ్చింది. అప్పటికి వాడికి పదహారేళ్ళు.

బండ కింద పడకుండా ఉండటమే ఏసోబు నేర్చుకున్న పరుగు. సత్తెనపల్లిలో వ్యాయామం మాస్టారొకాయన అది చూసి, ఇంత తొందరగా కదిలే కాళ్ళు తన సర్వీసులో చూడలేదన్నాడు. రోజూ సాయంత్రం ఊరికే నేర్పాడు. మేకుల బూట్లు మాత్రం పదకొండు వేలు పెట్టి చెంచయ్య కొన్నాడు.

జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఎనిమిదిమంది నిలబడ్డారు. ఏసోబుది ఐదో లైను. మోకాలు నేలకు ఆనించి వంగినప్పుడు అతనికి స్టేడియం కనపడలేదు. వెనక బండ ఉంది. ముందు ఎడ్లున్నాయి. తుపాకీ పేలింది. మిగతా ఏడుగురికీ అది తుపాకీ. ఏసోబుకు చెర్నాకోల. ఆ చప్పుడు చెవిన పడేసరికే అతని కాళ్ళు దూకాయి.

ఇరవై మీటర్ల దగ్గర అందరికంటే ముందున్నాడు. యాభై దగ్గర పక్క లైను వాడి రొప్పు వినపడింది. వాడు పతకం కోసం పరిగెత్తుతున్నాడు, ఏసోబు పాదం కోసం పరిగెత్తుతున్నాడు. డెబ్బై దగ్గర తండ్రి కేక చెవుల్లో మోగింది, ఏడేళ్ళనాటి కేక. తొంభై దగ్గర ఎడమ తొడ వెనక ఏదో పటుక్కున తెగింది, బరువుకు తాడు తెగినట్టు. నొప్పి తల దాకా పాకింది. ఆగలేదు. ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు. చివరి నాలుగు అంగలూ ఒంటికాలి మీదే వేసి, గీత మీద బోర్లా పడి, చెంప రాసుకుంటూ మూడు గజాలు జారిపోయాడు. తల ఎత్తి చూసేసరికి బోర్డు మీద 10.12 వెలుగుతోంది, పక్కన జాతీయ రికార్డు అని. ముప్పై వేలమంది లేచి నిలబడి అరుస్తున్నారు. తన పేరు, తన ఒక్కడి పేరే, ఏ యజమాని పేరూ తగిలించకుండా మైకులో చదవడం ఏసోబు వినడం పుట్టాక అదే మొదటిసారి. స్ట్రెచర్ మీద పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పరుగు ఎవరు నేర్పారని టీవీ వాళ్ళు అడిగారు. "మా నాన్న" అన్నాడు. అంతకంటే నిజమైన జవాబు అతని దగ్గర లేదు.

కండరం చిరిగిందని డాక్టరు చెప్పాడు. నాలుగు వారాలు అడుగు వేగంగా వేయకూడదు. వేస్తే కాలు మళ్ళీ పరుగుకు పనికిరాదు. వచ్చే నెల ఆసియా పోటీల క్యాంపు. అక్కడ కాలు చూసి తీసుకుంటారు, లేదా ఇంటికి పంపుతారు. ఈ సంగతులన్నీ ఏసోబు ఫోనులో చెంచయ్యకు చెప్పాడు. చెంచయ్య సన్మానమని కారు పంపాడు.

"తరవాతి జత, మన పెద్దలు చెంచయ్య గారిది!" మైకు మోగింది. "తోలేదెవరు? ఇండియా రికార్డు వీరుడు, మన ఊరి బిడ్డ ఏసోబు!"

ఈలలు. ఏసోబు కుర్చీలోంచి లేచి చెంచయ్య దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు.

"ఇదేందయ్యా? సన్మానమన్నారుగా?"

"ఇదేరా సన్మానం. ఈ మందంతా ఎవరి కోసం వచ్చారనుకున్నావు?"

"కాలు చిరిగిందయ్యా. ఇప్పుడు పరిగెత్తితే ఇంక పనికిరాదన్నాడు డాక్టరు. ఫోనులో చెప్పాగా."

"రెండు రౌండ్లు తోలి పక్కకి రా. పక్క ఊళ్ళోళ్ళందరికీ చెప్పేశాను. నా మాట పోద్ది."

ఏసోబు బరి చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడ్డ తండ్రి వైపు చూశాడు. దానియేలు చంకలో కర్ర పెట్టుకుని, చూపు నేల మీదే పెట్టుకుని ఉన్నాడు.

"వేసెయ్ నాయనా రెండు రౌండ్లు" అన్నాడు గొణుగుతున్నట్టు. "ఆయనతో మనకెందుకురా? రేపు మళ్ళా ఆయన పాకలోకే కదా నేను పోవాల్సింది."

"వెయ్యను నాన్నా." ఏసోబు చెంచయ్య వైపు తిరిగాడు. "నేను పరిగెత్తనయ్యా."

ఆ మాట చెంచయ్యతో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు కూడా అనలేదు. చెంచయ్య తన కొడుకు త్రినాథ్‌కు సైగ చేశాడు. త్రినాథ్, ఇంకో ఇద్దరూ ఏసోబును రెక్కలు పట్టి టెంటు వెనక్కి ఈడ్చుకుపోయారు.

టెంటు వెనక చెంచయ్య కల్లమే. మోకాలి ఎత్తున ఎండు మిరపకాయ పరుచుకుని ఉంది. కాయ లక్ష్మి అని కూలీల చేత చెప్పులు విప్పించే త్రినాథ్ బూట్లతోనే అందులోకి దిగాడు. ఒక్క గుద్దుకు ఏసోబు పెదవి చిట్లింది. రెండో గుద్దుకు కాయ మీద పడ్డాడు. చెంప మీది పక్కు ఊడి, ఆ పుండులోకి మిరప గింజలు దిగాయి. గొంతులోంచి అరుపుకు బదులు దగ్గు వచ్చింది.

"టీవీలో మీ నాన్న పేరు చెప్తావురా? బూట్లు కొన్నది మా నాన్న!" త్రినాథ్ కట్టు మీద కాలు వేసి తొక్కాడు. "లే. తోలతావా లేదా?"

ఏసోబు తల అడ్డంగా ఊపాడు. త్రినాథ్ అదే చోట తన్నాడు. మళ్ళీ తన్నాడు. తెల్ల కట్టు ఎర్రబడింది. అందులో మిరపకాయ ఎంతో నెత్తురెంతో చెప్పడం కష్టం.

బరిలోకి తెచ్చి బండకు ఇరవై అడుగుల ముందు, జత పక్కన పడేసేసరికి జెండా ఊపేశారు. టైం మొదలైంది. చెంచయ్య చెర్నాకోల తీసుకుని స్వయంగా వచ్చాడు.

"లేరా!"

ఏసోబు లేచాడు. నిలబడ్డాడు. అంతే, కదల్లేదు.

చెర్నాకోల అతని వీపు మీద ఠప్పుమంది. చొక్కా చిరిగింది. ఆ చప్పుడుకు జత ముందుకు దూకింది, బండ ఆరడుగులు జరిగింది. జనం ఈలలేశారు. ఇదీ పోటీలో భాగమే అనుకున్నారు వాళ్ళు. ఏటా ఇదే చప్పుడు, ఇదే దుమ్ము. కొట్టేది ఎద్దునా మనిషినా అని పరీక్షగా చూసే అలవాటు ఆ మైదానంలో ఎవరికీ లేదు. వందల ఫోన్లు పైకి లేచాయి. "అదీ ఊపంటే!" అన్నాడు మైకు మనిషి.

రెండో దెబ్బ. ఇంకో ఆరడుగులు. మూడో దెబ్బ మెడకు చుట్టుకుంది. బంతిపూల దండ తెగింది. ఏసోబు మోకాళ్ళ మీద పడ్డాడు. కట్టు కట్టిన కాలు వెనక్కి చాచుకుపోయింది. బండ మరో ఆరడుగులు జరిగి, ఆ పాదానికి జానెడు దూరంలో ఆగింది.

ఆ జానెడు సంగతి ఆ మైదానంలో ఒక్క మనిషికే అర్థమైంది.

దానియేలు తాడు కిందనుంచి దూరి బరిలోకి వచ్చాడు. కర్ర, ఒక అడుగు, కర్ర, ఒక అడుగు. కుంటివాడు జత తోలడానికి వస్తున్నాడని ఎవరో నవ్వారు. దానియేలు చెంచయ్య పక్కనుంచే వెళ్ళాడు. ఇరవై ఏళ్ళలో ఆయనకు దణ్ణం పెట్టకుండా దాటడం అదే మొదలు. కొడుకు దగ్గర కూడా ఆగలేదు. బండ దగ్గరికి వెళ్ళి, చేత్తో దాని అంచు పట్టుకుని, ఎక్కి కూర్చున్నాడు. కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. పాదం లేని కాలు ముందుకు వేలాడింది.

"ఒరేయ్ దానియేలూ, దిగరా!" చెంచయ్య చెర్నాకోల ఎత్తాడు.

"కొట్టండయ్యా." దానియేలు గొంతు పెద్దదేమీ కాదు. "మీరు కొడితే జత దూకుద్ది. దూకితే బండ ముందు వాడి కాలు మీద నుంచి పోద్ది. తరవాత నేను కింద పడతాను. నా రెండో కాలు కూడా ఉందిగా, తీసుకోండి. ఇందాక వాణ్ణి తోలమన్నది నేనే. నాకు సిగ్గు లేక అన్నాను."

ఈలలు ఆగిపోయాయి. ఫోన్లు మాత్రం దిగలేదు. ముక్కుతాళ్ళు పట్టుకున్న ఇద్దరూ పాలేర్లే. ఒకడు గిత్త మూతిని చేత్తో అదిమిపెట్టి దాని చెవిలో "ఆగు, ఆగు" అంటున్నాడు. రెండోవాడు చెంచయ్య వైపు చూడటం మానేశాడు.

దానియేలు పక్కకు జరిగి, బండ మీద చోటిచ్చాడు.

"ఇట్టా రా నాయనా. కూర్చో. కాలు చాపుకో, వాపు తగ్గుద్ది."

ఏసోబు లేచాడు. దేశంలోకెల్లా వేగంగా పరిగెత్తే మనిషికి ఆ మూడు అడుగులూ నడవడానికి చాలాసేపు పట్టింది. తండ్రి పక్కన కూర్చుని కాలు చాచాడు. వీపు నుంచి కారిన నెత్తురు బండ మీద పడుతోంది.

"ఏడు నిమిషాలు పూర్తయినవి" అన్నాడు మైకు మనిషి, అలవాటు కొద్దీ. "లాగిన దూరం పద్దెనిమిది అడుగులు."

చెంచయ్య చేతిలో చెర్నాకోల ఎత్తినది ఎత్తినట్టే ఉంది.