నార్మల్ అంటే మేమే

మా పరిశోధనశాలలో కిటికీలన్నిటికీ నల్లకాగితం అంటించి ఉంటుంది. వెలుతురు తగిలితే రక్తం నమూనాలు చెడిపోతాయని మా పెద్దసారు భయం. అందుకని పొద్దున్నే లోపలికి పోయిన మేము చీకటి పడ్డాకే బయటపడతాం. పరిశోధన మాత్రం ఎండ గురించే. ఎండ ఒంటికి తగిలితే తయారయ్యే విటమిన్ డి ఎవరి రక్తంలో ఎంత ఉంది, అది తగ్గితే ఎముకలు ఏమవుతాయి అన్నది మా పని. ఎండ గురించి మాకు తెలియనిది లేదు. దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో మాత్రం తెలియదు.

కొత్తవాళ్ళెవరైనా లోపలికి వస్తే ముందుగా ముక్కుకు తగిలేది నొప్పుల మందు వాసన. ఒకరికి నడుం, ఒకరికి మోకాళ్ళు, పెద్దసారుకు రెండూ. తప్పంతా కుర్చీలదని తీర్మానించి ఇప్పటికి మూడుసార్లు కుర్చీలు మార్పించాం. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్ళపాటు ఎంతో సుఖంగా ఉందని ఒకరినొకరం నమ్మించుకునేవాళ్ళం.

మా వదినది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ పని. అదీ కిటికీల్లేని హాలే. ఏడాదిగా ఆమెకు తొడలు లాగేస్తున్నాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేదు. మేముండేది పై అంతస్తులో. మెట్ల మలుపులో కూరల సంచి దింపి, ఎవరైనా వస్తే సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడేది.

"ఆడలేక మద్దెల ఓడందట," అనేది మా అమ్మ. "ఈ వయసులో నేను ఎక్కి దిగడంలేదూ?"

మా అన్నయ్య ఎప్పుడూ ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్షం. మా ఇంట్లో ఆఖరున మాట్లాడేది అమ్మే.

నాకు కడుపు మండి, వదినను మా పరిశోధనశాలకు తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. ఫలితం పెద్దసారే స్వయంగా చూశారు. కాగితం మీద "నార్మల్" అని ఉంది.

"నొప్పి కాళ్ళలో లేదమ్మా, మనసులో ఉంది," అన్నారాయన, ఆమె కాళ్ళవైపు చూడనైనా చూడకుండా. "హాయిగా పాటలు వినండి."

ఆ కాగితం మా అమ్మ చేతిలో పడింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఇంటికొచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళతో పాటు అదీ చూపించేది. "సైన్సే చెప్పిందమ్మా, మా కోడలికి ఏ రోగమూ లేదట!"

వదిన నొప్పి మాట ఎత్తడం మానేసింది. ఒకరోజు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, "నిజం చెప్పు మరిదీ. నాకు పిచ్చేమైనా పడుతోందా?" అని అడిగింది. "కాగితంలో అంతా బాగానే ఉంది కదా వదినా," అన్నాను. మా యంత్రాన్ని నేనూ నమ్మాను మరి, చదువుకున్నవాణ్ణి కదా!

ఆ తరవాత పెద్దసారు ఉత్తరాలు పంచేవాళ్ళ రక్తం, రోడ్లు వేసేవాళ్ళ రక్తం తెప్పించారు. యంత్రం అందరికీ ఒకటే మాట చెప్పింది: "అధికం." ఆయనకు పూనకం వచ్చినంత పనైంది. "ఎండ అనే విషం" అంటూ వ్యాసం మొదలుపెట్టారు. ఎండలో పనిచేసేవాళ్ళంతా పెద్ద ప్రమాదంలో ఉన్నారట. వాళ్ళను వెంటనే నీడపట్టున కూర్చోబెట్టాలట.

ప్రమాదంలో ఉన్న ఆ జనం రెండోసారి రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజున మా లిఫ్ట్ చెడిపోయింది. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయారు. నార్మల్‌గా ఉన్న మేము కమ్మీ పట్టుకుని, మలుపు మలుపునా ఆగి, సెల్‌ఫోన్లు చూసుకుంటున్నాం. నా చేతిలోనూ ఫోనుంది. అందులో చూడ్డానికేమీ లేదు. అప్పుడు వదిన గుర్తొచ్చింది.

పైకి చేరి ఊపిరి తీసుకున్నాక, మీటింగులో అడిగాను.

"సార్, మన నార్మల్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఎక్కణ్ణుంచేమిటయ్యా? ఆరోగ్యవంతుల రక్తం చూసి యంత్రానికి హద్దులు పెట్టాం."

"ఆ ఆరోగ్యవంతులెవరు సార్?"

"మనమే! బయటివాళ్ళను ఎక్కడ వెతుకుతాం? అందరం తలా కాస్తా ఇచ్చాం. నువ్వూ ఇచ్చావు."

ఇచ్చాను. ఇచ్చినందుకు బిస్కెట్లు కూడా తిన్నాను. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకంలో వేరే హద్దులున్నాయి గానీ, ఆ పుస్తకం ఊగే బల్ల కాలి కింద ఉంది. గురివింద గింజ తన నలుపెరగదంటారు. మేమైతే ఆ నలుపునే కొలబద్ద చేసి లోకానికి పంచిపెట్టాం.

"మనకు ఎండే తగలదు కద సార్. లోపం మనకే ఉందేమో. మనలాంటివాళ్ళకు బాగుందనీ, బాగున్నవాళ్ళకు జబ్బనీ రాసి పంపుతున్నామేమో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. పాలిపోయిన ఆ మొహంలో అంత ఎరుపు దాగుందని ఆ రోజే తెలిసింది. "మన నార్మలే నార్మల్!" అని అరుస్తూ పిడికిలితో బల్ల మీద ఒక్క గుద్దు గుద్దారు.

బల్లకు ఏమీ కాలేదు.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "మీరు గుద్దింది బల్లనా, కొండనా?" అని అడిగింది. "ఎముక గుల్లబారింది. విటమిన్ డి పరీక్ష చేయించండి."

ఆ ఆస్పత్రి నమూనాలు వచ్చేది మా దగ్గరికే. పెద్దసారు రక్తాన్ని మా యంత్రం యథాప్రకారం చూసి కాగితం బయటికి తోసింది. నేనే పట్టుకెళ్ళాను.

"ఏమొచ్చింది?" అన్నారు, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని.

"నార్మల్ సార్."

"నార్మలేమిటి? ఇక్కడ ప్రాణం పోతోంది!"

"నొప్పి చేతిలో లేదు సార్, మనసులో ఉంది. హాయిగా పాటలు వినండి."

ఆ మాటను దారి పొడుగునా నెమరేసుకుంటూ వచ్చాను. అన్నాక ఎంతో హాయిగా అనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి సగం హాయి పోయింది. ఆయన కాగితాన్ని పక్కన పెట్టారు.

"మీ వదిన... మెట్లెక్కగలుగుతోందా?"

"లేదు సార్."

"ఆవిడ రక్తం ఇంకోచోటికి పంపు. నాదీ పంపు."

అక్కడ ఇద్దరి విటమినూ అట్టడుగునే ఉందని తేలింది. కిటికీల కాగితాలు చింపేశారు. మేమంతా కళ్ళు చికిలించుకుని ఒకరి మొహాలొకరం కొత్తగా చూసుకున్నాం. పెద్దసారు ఎడమచేత్తో మరో వ్యాసం మొదలుపెట్టారు: "పరిశోధకుల్లో విటమిన్ లోపం - మా మహత్తర ఆవిష్కరణ."

నేను మందులు తీసుకుని ఇంటికెళ్ళి, అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో పాపం! అంత పెద్దమనిషి, ఎంత నొప్పి ఓర్చుకున్నాడో!"

వదిన గోడ పట్టుకుని మెల్లగా లేచింది. ఫ్రిజ్ దగ్గరికి నడిచి, పాత కాగితం పీకి, మడతపెట్టి అమ్మ చేతిలో పెట్టింది.

"అయితే మరిదీ, ఆయన చెయ్యి విరిగితేగానీ నా కాళ్ళకు నొప్పి రాలేదన్నమాట."

ఆ పూటకు ఆఖరి మాట వదినదే అయింది. అన్నయ్య లేచి కూరల సంచి అందుకున్నాడు.