మందు వేసుకున్నాను

తడి దుప్పటి అంచులు రెండూ అందుకుని, ఒక్క విదిలింపు విదిలించి, అది గాలిలో ఉండగానే వేడి ఇస్త్రీ రోలరు నోటికి అందించాలి. రెప్పపాటు ఆలస్యమైతే ముడత పడుతుంది. ఇరవై రెండేళ్లుగా అతను ముడత పడనివ్వలేదు. అందుకే లాండ్రీలో అందరూ అతన్ని మడత మేస్త్రి అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే గుర్తుంది.

ఆ శనివారం ఉదయం వరసగా మూడు దుప్పట్లు వంకరగా వెళ్లాయి.

రోలరు అవతల బట్టలు అందుకుంటున్న గుర్తులమ్మ మూడోదాన్ని ఎత్తి చూపించింది. మూటలు మూటలుగా వచ్చే బట్టల మీద చెరగని సిరాతో గుర్తులు వేసేది ఆమె కాబట్టి ఆ పేరు. మాట కరుకు, మనసు వెన్న.

"ఏంటన్నయ్యా, పొద్దున్నే దుప్పట్లకి డాన్సు నేర్పుతున్నావా?"

అతను నవ్వబోయాడు. నాలుక మందంగా అడ్డం పడింది. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

వణుకు అతనికి కొత్తేమీ కాదు. ఇరవై మూడేళ్లుగా వేసుకుంటున్న లిథియం మాత్ర వల్ల వేళ్లు సన్నగా వణుకుతూనే ఉంటాయి. టీ గ్లాసు నిండా పోయనివ్వడు, అంతే. ఈ వారం రోజులుగా వచ్చింది ఆ వణుకు కాదు. మోచేతుల దాకా కుదుపు. నడుస్తుంటే నేల ఒక పక్కకి ఒరిగినట్టుండేది. మూడు రోజులుగా కడుపు కూడా చెడింది. వయసు మీద పడుతోంది, ఎండలు ముదిరాయి అని సరిపెట్టుకున్నాడు. ఆవిరి గొట్టాల పక్కన పనిచేసేవాడికి చొక్కా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఒంట్లోని నీళ్లన్నీ అటే పోయేవి.

లాండ్రీలో చేరక ముందు అతనిది వేరే బతుకు. ఒక వేసవిలో పదకొండు రోజులు నిద్రపోలేదు. ఉంటున్న మేడ మెట్లన్నిటికీ ఎవరూ అడక్కుండానే నీలం రంగు వేశాడు. మబ్బు తునక లేని రోజున బస్టాపులో నిలబడి వచ్చేపోయేవాళ్లకి గొడుగులు పంచాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తరవాత నాలుగు నెలలు మంచం దిగలేదు, గడ్డం గీసుకోలేదు. అలా రెండుసార్లు తిరగబడ్డాక భార్య పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టడానికి అతనికి మనసొప్పలేదు. తనకే వీలుంటే తన దగ్గర్నించి వెళ్లిపోయి ఉండేవాడు.

ఆ తరవాతే ముసలి డాక్టరు ఆ మాత్ర రాశాడు. గొడుగులూ లేవు, మంచం పట్టడమూ లేదు. మొదటిరోజే ఆయన ఒక మాట చెప్పాడు.

"ఇది మంచి ఎద్దయ్యా, నీ బండి లాగేస్తుంది. కానీ పక్కన దేన్ని పడితే దాన్ని కట్టనివ్వదు. ఎవరు ఏ మాత్ర రాసినా ముందు నాకు చూపించు. నీళ్లు బాగా తాగు, ఉప్పు మానకు, రక్తపరీక్ష తప్పించకు."

ముసలి డాక్టరు పోయి మూడేళ్లయింది. కిందటేడు వానలు వెళ్లాక మళ్లీ దిగులు కమ్మితే, కొత్త డాక్టరు పాతదానికి తోడు ఇంకో మాత్ర కలిపాడు. దిగులు కొంచెం పలచబడింది గానీ నిద్రమత్తు వదిలేది కాదు. నెల క్రితం లాండ్రీకి ఇంకో డాక్టరు వచ్చి అందరికీ రక్తపోటు చూసి, అతనికి ఎక్కువుందని నీరు తీసే మాత్ర ఇచ్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఎక్కడో ఏదో పొంతన కుదరడం లేదని తోచింది. కానీ ఇప్పుడు చెప్పిన డాక్టరు కళ్లెదుట ఉన్నాడు, అప్పుడు చెప్పిన డాక్టరు లేడు. ఉప్పు పూర్తిగా మానేశాడు. చెప్పిన మాట వినే మనిషి.

పోయిన వారం మోకాళ్ల నొప్పికి మందుల షాపుకి వెళ్లాడు. కౌంటరు వెనక అమ్మాయి మాత్రలు చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా అడిగింది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?"

సరిగ్గా వెనకే లాండ్రీ సూపర్‌వైజరు దగ్గుతూ నిలబడి ఉన్నాడు. లోకానికి కీడు తలపెట్టే మనిషి కాడు గానీ నోటికి అడ్డూ ఆపూ ఉండవు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే, "వీడికి పిచ్చి మాత్ర వెయ్యడం మర్చిపోయార్రోయ్" అనేవాడు. ఆ మాటకి అందరితోపాటు మడత మేస్త్రి కూడా నవ్వేవాడు.

"ఏమీ లేవండి" అన్నాడు. అమ్మాయి మాత్రలు ఇచ్చింది. రోజుకి మూడు పూటలు.

మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచి, మూసేశాడు. గుర్తులమ్మ తన సీసాలోంచి నిమ్మరసం గ్లాసులో పోసి ముందు పెట్టింది.

"తాగన్నయ్యా. మొహం పీక్కుపోయింది."

"ఉప్పేశావా?"

"ఉప్పూ పంచదారా రెండూ వేశాను."

"డాక్టరు వద్దన్నాడమ్మా" అని గ్లాసు మెల్లగా వెనక్కి జరిపాడు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. ప్రతి ఆదివారం చేసేది, ఆ రోజు ఎందుకో మనసు ఉగ్గబట్టుకోలేక చేసిందట. అతనితో 'నిన్ను చూడాలనిపించింది' అనే మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. అయిదు గంటల ప్రయాణం దూరంలో, మంచం పట్టిన అత్తగారితో ఉంటుంది.

"మందులు మానలేదు కదరా?"

"మానలేదక్కా. అన్నీ వేసుకుంటున్నాను."

"మాటేంట్రా ముద్దముద్దగా వస్తోంది?"

"నోట్లో అన్నం ఉందక్కా."

ఫోన్ పెట్టేశాక మూత వేసిన గిన్నె వంక కాసేపు చూశాడు.

మూడు గంటలవేళ దుప్పట్ల కట్ట ఎత్తి నాలుగడుగులు వేశాడో లేదో కాళ్లు తడబడ్డాయి. కట్ట ఒక పక్క, తనొక పక్క. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"ఏం మేస్త్రీ, ఏమైంది?"

అతను గోడ పట్టుకుని లేచాడు. దీపాలు రెండుగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లు దాచింది ఇక దాచలేననిపించింది. భయం సిగ్గుని దాటిపోయింది. చెప్పేద్దాం, పోతే పరువే కదా పోయేది అనుకున్నాడు. నాలుకని కూడదీసుకుని, అందరూ వింటుండగా అన్నాడు.

"మందు... మందు వేసుకున్నాను సార్. అన్నీ... కలిపి..."

 రోలరు చప్పుడును మించి నవ్వులు లేచాయి.

"కలిపి కొట్టావా! ఇరవై రెండేళ్లకి మేస్త్రి మనలో కలిశాడ్రా!" అన్నాడు సూపర్‌వైజరు. కోపం లేదు, ముచ్చటే. భుజం పట్టుకుని వెనక గదిలో దుప్పట్ల మూటల మీద పడుకోబెట్టాడు. "దిగేదాకా పడుకో. నేనెవరికీ చెప్పన్లే."

అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకో మాట చెప్పాలని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కొట్టుకోవడం చూసి వాళ్లు మరింత నవ్వారు. తలుపు దగ్గరగా వేశారు.

గుర్తులమ్మ నవ్వలేదు. తాగివచ్చే మొగుడితో పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషి. అతను లేచేటప్పుడు పక్కనే ఉంది. వాసన లేదు. రోలరు ఆపే వీల్లేక అరగంట అలాగే పనిచేసింది, చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట. ఆపైన చేతిలో దుప్పటి పడేసి వెళ్లి తలుపు తీసింది. అతని ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఏం మందులు వాడతాడు?"

ఎవరికీ తెలియదు. గుర్తులమ్మ అతని జేబులోంచి తాళంచెవి తీసుకుని గదికి పరుగెత్తింది. ఒంటిమనిషి గది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గిన్నె. గూట్లో నాలుగు రకాల మాత్రలు, పూటల వారీగా వరసగా సర్ది ఉన్నాయి. ఒక్క పూటా తప్పలేదు. కొంగులో వేసుకుని తెచ్చింది.

డాక్టరమ్మ నాలుగింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. వాటన్నిటినీ ఒకేచోట ఒక డాక్టరు చూడటం అదే మొదటిసారి.

"ఈ నీరు తీసే మాత్రా, ఈ నొప్పుల మాత్రా కలిసి లిథియంని ఒంట్లోంచి బయటికి పోనివ్వలేదు. పైగా ఈ ఎండ. అంతా రక్తంలో పేరుకుపోయింది. ఇవన్నీ కలిపి ఎవరు రాశారమ్మా?"

"కలిపి ఎవరూ రాయలేదనుకుంటానమ్మా" అంది గుర్తులమ్మ.

రక్తం శుద్ధిచేసే యంత్రం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో అన్నాలు పంచుతున్న వేళ, ఎవరినీ పిలవకుండా పోయాడు. అత్తగారిని ఎవరికో అప్పగించి అక్క వచ్చేసరికి పక్క మంచం మనిషి ఇంకా భోంచేస్తూనే ఉన్నాడు.

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూచుంది. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"మందులు మానేస్తాడేమోనని ఇరవై మూడేళ్లు భయపడ్డానమ్మా" అంది చివరికి.

"ఒక్కటీ మానలేదండీ" అంది గుర్తులమ్మ.

సోమవారం రోలరు దగ్గర ఇంకొకడు నిలబడ్డాడు. సూపర్‌వైజరు వెనక గది తలుపు తనే బార్లా తెరిచి పెట్టాడు. సాయంత్రం అందరూ పనిచెప్పులు విడిచి, వెనక గుమ్మం పక్క బల్ల కింద నుంచి సొంత చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఒక జత మిగిలింది. గోధుమరంగు చెప్పులు, ఎడమదానికి మడమ ఎక్కువ అరిగింది, తెగిన పట్టీని నల్లదారంతో అతనే కుట్టుకున్నాడు. ఒకదానికొకటి ఆనించి, అంచులు సమంగా, వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి.