కడుపునొప్పి కాదమ్మా

మా ఇంట్లో చావు అనే మాట నోట రాకూడదు. నాన్నగారు పిఠాపురంలో పురోహితులు. దీపాలు పెట్టే వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెడ్డ మాట అంటే అలాగే కానిమ్మంటారని మా అమ్మ వెంకటరత్నమ్మ భయం. బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంటుంది. కిందటేడు నేను చావబోయి బతికితే, "మా ఫణిశ్రీకి కడుపునొప్పి" అని ఊరంతా చెప్పింది. చివరికి నాకూ అదే చెప్పింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

కాకినాడలో మనసు జబ్బులు చూసే డాక్టర్ దేవకుమారిగారు మొదటిరోజే సూటిగా అడిగారు. "ఇంకా చచ్చిపోవాలనిపిస్తోందామ్మా?"

భోరున ఏడ్చాను. అడిగినందుకు ఆ కోరికేం పెరగలేదు, గుండెల మీద బరువు దిగింది. ఆరు నూరైనా ప్రతి గురువారం బస్సెక్కి వెళ్ళి మాట్లాడేదాన్ని. ఆ ఆలోచన పూర్తిగా పోలేదు గానీ, వస్తే ఏం చేయాలో తెలిసింది. ముందు పక్కనున్న మనిషికి పైకి చెప్పాలి.

అక్కడ ఏం మాట్లాడుకుంటామో తెలిసి, అమ్మ ఈ నెల నా ప్రయాణాలు మాన్పించింది.

"మాటలకి డాక్టరేంటే? మనింట్లో మాటల్లేవా?"

"ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి," అన్నాను.

మొన్న బుధవారం సాయంత్రం ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి ఫోన్ చేస్తే డాక్టరుగారు ఊళ్ళో లేరు, రేపొస్తారన్నారు. ఇంటికొచ్చేసరికి అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగిస్తోంది. వేళ కాని వేళే. అయినా ఆగదలుచుకోలేదు.

"అమ్మా, నాకు చచ్చిపోవాలనిపిస్తోంది."

అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం వచ్చింది. "సంధ్యవేళ ఏం మాటలే అవి? దేవతలు వింటారు."

ఆ చెయ్యి తీసేశాను. "విననీ. వాళ్ళు వింటారని నువ్వు వినడం మానేస్తే నేనెవరితో చెప్పుకోను? అది కడుపునొప్పి కాదమ్మా. చచ్చిపోవాలనిపించడం. నీ కూతురికి."

అమ్మ పీట మీద కూలబడింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎప్పట్నుంచే?"

డాక్టరుగారు కూడా మర్నాడు అడిగింది అదే. మొదట్నుంచీ చెప్పాను. అమ్మ అడ్డు రాలేదు. దీపం కొండెక్కుతున్నా లేచి నూనె పోయలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"రేపు గురువారమేగా, నేనూ వస్తాను," అంది ఆఖరికి.

నేను గుమ్మం వైపు తిరిగి, వీధిలోకి వినపడేలా అన్నాను. "రేపు నేను బతికే ఉంటాను. ఇదీ వినండి."

"తథాస్తు," అంది మా అమ్మ.